పాత తొట్టి, క్రొత్త పూత

పాతబడిన వస్తువును పారవేయవలెనా, లేక బాగుచేసి వాడుకొనవలెనా? ఇది డబ్బు లెక్కతో తేలిపోవు ప్రశ్న వలె కనబడును. అయితే మన యొద్ద నున్నదంతయు దేవుడు అప్పగించినదే గనుక, ఇది మనస్సాక్షికి కూడ సంబంధించిన ప్రశ్నయే.

అమెరికా దేశములో వెనుకటి తరములవారు కట్టుకొనిన యిండ్లలో పోతయినుముతో చేసి పైన ఎనామిలు పూసిన స్నానపు తొట్లును, గోడలకు పింగాణీ పలకలును అనేకము గలవు. ఏండ్లు గడచినకొలది వాటి రంగు మాసి నునుపు పోవును. వాటిని పగులగొట్టి క్రొత్తవి పెట్టించుకొనుటకు బదులు, పైపూత మాత్రము మరల వేయించుకొనువారు అక్కడ పలువురు ఉన్నారు. లోపలి యినుము గట్టిగానే యున్నది, చెడినది పైభాగమే. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. కళాయి పోయిన యిత్తడి గిన్నెలో పులుసు కాచినయెడల చిలుమెక్కి కూర చెడిపోవును. అంతమాత్రమున మన అవ్వలు గిన్నెను పారవేయలేదు, కళాయి వేయించుకొనిరి.

ఈ రెండు పనులకును నియమ మొక్కటే. కళాయి వేయువాడు మొదట గిన్నెను బాగుగా తోమి, నిప్పుమీద కాల్చి, నవాసాగరము చల్లి మురికి విడిపించి, ఆ తరువాతనే తగరము రాయును. తొట్టికి పూత వేయువాడును సబ్బు జిడ్డును, లేచిపోవుచున్న పాత పూతను మొదట తీసివేయవలెను. జిడ్డుమీద వేసిన పూత కొలదికాలములోనే పొరలుగా ఊడిపోవును.

లేవీయకాండము 14వ అధ్యాయము చదివి చూడుడి. ఇంటి గోడలో కుష్ఠుపొడ కనబడినంత మాత్రమున ఇల్లు పడగొట్టుమని దేవుడు చెప్పలేదు. యాజకుడు ఏడు దినములు ఇల్లు మూసియుంచి చూడవలెను. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లను ఊడదీయించి, గోడలను గీయించి, వేరు రాళ్లు చేర్చి, క్రొత్త అడుసు పూయించవలెను. అటుపిమ్మట పొడ మరల బయటపడినప్పుడు మాత్రమే ఇల్లు పడగొట్టవలెను. కాబట్టి బాగుచేయ వీలైన దానిని ఇరుగుపొరుగువారి యెదుట గొప్పకొరకు పగులగొట్టుట తగదు. బాగుపడని దానిపై పూత పూసి దాచుటయు తగదు. బలములేని గోడకు సున్నము పూసిన ప్రవక్తలను యెహెజ్కేలు 13వ అధ్యాయములో దేవుడు గద్దించెను. సున్నము కొట్టిన సమాధులను గూర్చి మన ప్రభువు పలికిన మాట మత్తయి 23వ అధ్యాయములో నున్నది.

అయితే పొదుపు చేయుచున్నాము గదా అని మనము తృప్తిపడక ముందు ఇంకొక ప్రశ్న అడుగవలెను. ఆ పొదుపునకు వెల ఎవరు చెల్లించుచున్నారు? తొట్టి పాత పూతను ఊడదీయుటకు మిథిలీన్ క్లోరైడ్ అను ద్రవమును వాడుచుండిరి. దాని ఆవిరి గాలికంటె బరువైనది. గాలి ఆడని చిన్న స్నానపుగదిలో తొట్టిమీదికి వంగి పనిచేయువానికి ఆ ఆవిరి ప్రాణాంతకము. 2000 నుండి 2011 వరకు అమెరికాలో ఇట్లు తొట్లు బాగుచేయుచు 13 మంది పనివారు మరణించినట్లు ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2012లో ప్రకటించెను. రంగు ఊడదీయుటకై దానిని గృహస్థులకు అమ్మకూడదని 2019లో శాసనము వచ్చెను. కూలికి ఆ పని చేయువానిని కాపాడు శాసనము 2024లో గాని రాలేదు. ఇంటివాని ప్రాణము ముందు, పనివాని ప్రాణము తరువాత! లోకము లెక్కించు విధ మిట్టిది.

ద్వితీయోపదేశకాండము 22:8 లెక్క వేరు. ఇల్లు కట్టించువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టింపవలెను. ఎవడైన పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. పడినవాడు అజాగ్రత్తగా నుండెనని యజమానుడు తప్పించుకొన వీలులేదు.

ప్రియులారా, ఈ మాట అమెరికావారికి మాత్రమే కాదు. తగిన రక్షణ సాధనములు లేకుండ మనిషిని మరుగుదొడ్డి గుంటలోనికి దింపి శుభ్రము చేయించుటను మన దేశములో 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను యంత్రమునకు కూలి ఎక్కువగునని ఇంకను మనిషినే దింపువారు గలరు. ఆ గుంటలోనికి దిగువాడు తరచుగా మన సంఘములవంటి బీద కుటుంబములవాడే. మందిరమునకు సున్నము వేయుచు ఎత్తయిన నిచ్చెన నెక్కువాడును మన సహోదరుడే. నిచ్చెన గట్టిదా, గదిలో గాలి ఆడుచున్నదా, గుంటలో విషవాయు వున్నదా అని విచారించుట పనివాని బాధ్యత మాత్రమే కాదు. పని చెప్పిన మనదియు బాధ్యతయే.

పాత వస్తువును కాపాడుకొనుట మంచిదే. దానిని కాపాడు మనిషిని కాపాడుట అంతకంటె ముఖ్యము. తొట్టి పోయినయెడల మరియొకటి కొనవచ్చును. దేవుని పోలికెచొప్పున చేయబడిన మనిషిని ఏ సంతలోను కొనలేము. మన యిండ్లలోను మందిరములలోను పనిచేయు ప్రతివాని ప్రాణమును విలువగలదిగా ఎంచు మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.