పన్నెండు గజాలు

కరీంనగర్‌లో మా మేనమామ ఇంటి మేడ మీద ఒక వల వేలాడుతుంటుంది. లోయర్ మానేర్ డ్యామ్ దగ్గర చేపలు పట్టేవాళ్లను అడిగి కొన్న పాత వల. నాలుగు ఇనుప పైపులు నిలబెట్టి, వలను రెండు మడతలుగా కట్టించి, కింద పాత కార్పెట్ ముక్క పరిచి, మామ రోజూ పొద్దున ఆరింటికి అక్కడ గోల్ఫ్ బంతులు కొడతాడు. పక్కింటివాళ్లు మొదట్లో భయపడ్డారు. ఇప్పుడు ఆ చప్పుడు వినిపించకపోతే, సార్‌కు ఒంట్లో బాగాలేదా అని అత్తమ్మను అడుగుతారట.

మామకు 66 ఏండ్లు. సింగరేణిలో ఇంజనీరుగా ముప్పై ఏండ్లకు పైగా చేసి దిగిపోయాడు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని... ఉద్యోగమంతా బొగ్గు చుట్టే. 48వ ఏట ఒక బ్యాచ్‌మేట్ చేతికి క్లబ్ ఇచ్చి సరదాగా కొట్టి చూడమన్నాడు. ఆ సరదా ఇంకా తీరలేదు. నెలకోసారి ముగ్గురు దోస్తులతో రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ పోయి, గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న కోర్సులో ఆడి, రాత్రికి ఇల్లు చేరతాడు.

పోయిన ఎండాకాలం నేను లాప్‌టాప్ పట్టుకొని నెల రోజులు కరీంనగర్‌లో ఉన్నప్పుడు నన్ను మేడ మీదికి పిలిచాడు.

"అల్లుడా, నీ ఫోన్ల స్లో మోషన్ ఉంటది గదా. నా స్వింగ్ జర తియ్యి. 210 గజాలు పోయే బంతి ఇప్పుడు 180 దాటుతలేదు. యాడ తప్పు జరుగుతున్నదో చూడాలె."

"తప్పేముంది మామా, వయసు" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు.

నిజం చెప్పాలంటే గోల్ఫ్ మీద నాకు మంచి అభిప్రాయం లేదు. నీళ్లు తాగే ఆట, డబ్బున్నవాళ్ల ఆట. కుతుబ్‌షాహీల కోటగోడల మధ్య పచ్చగడ్డి పరిచి ఆడటం సబబేనా అన్న చర్చ వేరే ఉంది. కాబట్టి మామ అడిగింది నాకు మొదట అహంకారంగానే తోచింది. పైగా ఈ ఆటలో వయసుకు ఒక మర్యాదైన దారి ఉంది. ప్రతి హోల్‌కూ బంతి మొదలుపెట్టే చోట్లు నాలుగైదు ఉంటాయి, వాటిని టీలంటారు. బలం తగ్గినవాళ్లు ముందున్న టీ నుంచి ఆడొచ్చు. అమెరికాలో 2011లో గోల్ఫ్ సంఘాలు దీనికోసం ఒక ప్రచారమే మొదలుపెట్టాయి: మీ బంతి ఎంత దూరం పోతుందో దానికి తగ్గ టీ ఎంచుకోండి అని. ఆ సంగతే మామకు చెప్పాను.

"ముందు టీ నుంచి ఆడొచ్చు గదా మామా."

"ఆడొచ్చు. ఆడ్త. గని ఏం పోయిందో తెల్వకుండ ఎందుకు జరగాలె ముందుకు?"

ఆ మాట ఆరోజు నాకు అర్థం కాలేదు.

వయసు తీసుకుపోయినదాన్ని తిరిగి కోరుకోవడం తప్పా? మన దగ్గర ఈ ప్రశ్నకు రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి పాతది: కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవాలి, ఈ వయసులో ఇవన్నీ ఎందుకు? రెండోది ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే సూర్యోదయం బొమ్మ మీద వస్తుంది: వయసు ఒక అంకె మాత్రమే. మొదటి జవాబు మనిషిని బతికుండగానే గూట్లో పెడుతుంది. రెండోది ఆయన మోకాలితో అబద్ధం చెప్పిస్తుంది. రెంటికీ ఒక సౌకర్యం ఉంది. ఎదుటి మనిషికి సరిగ్గా ఏం తగ్గింది, ఎంత తగ్గింది, ఏం మిగిలింది అని చూసే పని ఉండదు.

మొదటి జవాబును నేను మా బాపు మీద వాడాను. బాపు తెలుగు పంతులు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లల్లో చేశాడు. రిటైరయ్యాక కూడా పాత స్కూటర్ మీద ఆ ఊళ్లు తిరిగేవాడు, ఎవరి పెండ్లి, ఎవరి చావు, ఎవరి కొడుక్కి సీటొచ్చింది అని. ఒకసారి కాలు ఆనించబోతే మోకాలు ఆగలేదు, స్కూటర్‌తో సహా ఒరిగాడు. పెద్ద దెబ్బేం కాదు. నేను హైదరాబాద్ నుంచి వచ్చి, "రెస్ట్ తీస్కో బాపూ, ఇంక చాలు" అని ఆ వారంలోనే స్కూటర్ అమ్మించేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. చుట్టాలంతా నన్ను బాధ్యత తెలిసిన కొడుకన్నారు. తర్వాత మూడేండ్లు బాపు ముందుగదిలో టీవీ చూశాడు. ఎక్కడికీ తీసుకుపొమ్మని అడగలేదు. మేం దాన్ని ప్రశాంతత అనుకున్నాం. ఆయన పోయింది గుండెపోటుతో, స్కూటర్ అమ్మినందుకు కాదు, నాకు తెలుసు. కానీ మోకాలికి వ్యాయామం ఉంటుందా, కాలు ఆనించే పని తక్కువున్న బండేదైనా ఉంటుందా, దగ్గరి ఊళ్లకైనా పోవచ్చా అని ఆ వారంలో నేను ఒక్కరినీ అడగలేదు. అడగనక్కర్లేదనిపించింది, అంతే.

కాబట్టి మామ ఫోన్ చేతిలో పెట్టినప్పుడు వీడియో తీశాను. అయితే అప్పటికే ఆయన సొంత వైద్యం మొదలుపెట్టాడు: గట్టిగా కొట్టడం. రెండు వారాలు బలమంతా పెట్టి కొట్టాడు. ఒకరోజు బంతి పెట్టడానికి వంగి మళ్లీ లేవలేదు. నడుము పట్టేసింది. డాక్టర్ మూడు వారాలు క్లబ్ ముట్టొద్దన్నాడు. ఆ రోజుల్లో అత్తమ్మ ఒక మాటంది: "ఆయన బంతి పది గజాలు ఎక్కువ పోవుడేమో గని, రోజూ ఆయనకు సాక్సులు తొడుగుడు నా పానానికొచ్చింది."

ఇక్కడ నాకు యయాతి గుర్తొచ్చాడు. నన్నయ ఆదిపర్వంలో చెప్పిన కథే. శుక్రాచార్యుడి శాపంతో యయాతికి ముసలితనం ముంచుకొస్తుంది. దాన్ని ఎవరికైనా ఇచ్చి వాళ్ల యవ్వనం తీసుకోవచ్చని సడలింపు దొరుకుతుంది. నలుగురు కొడుకులు ఒప్పుకోరు, పూరుడు ఇస్తాడు. వెయ్యేండ్లు అనుభవించాక, కోరిక అనుభవిస్తే తీరేది కాదని తెలిసి యయాతి ఆ యవ్వనాన్ని తిరిగి ఇచ్చేస్తాడు. కోరికకు అంతు లేదన్నదే ఈ కథ నీతి అని మనకు చెప్తారు. నాకు మాత్రం ఎప్పుడూ ఖర్చు లెక్కే కనిపిస్తుంది. ఆ వెయ్యేండ్లూ ముసలితనం మోసింది ఎవరు? యయాతి కోరుకోవడంలో కాదు, ఇంకొకరి ఖాతాలోంచి తీసుకోవడంలో ఉంది తప్పు. మా ఇంట్లో ఆ మూడు వారాలూ పూరుడి పాత్ర అత్తమ్మది.

దీన్నిబట్టి బాపు విషయంలో నాది ఒప్పేననుకోవచ్చా? పడితే మోసేది మేమే గదా. ఈ వాదన నేను చాలాసార్లు నాకే వినిపించుకున్నాను. అందులో కొంత నిజముంది కూడా. కానీ ఎవరు మోయాలన్నది ఒక ప్రశ్న, మోయకుండా ఉండే దారి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. నేను మొదటిది అడిగి రెండోదాన్ని వదిలేశాను.

నడుము కుదుటపడ్డాక మామ రెండో ప్రశ్నకు వచ్చాడు. ఇద్దరం కూర్చొని వీడియోలు ఒక్కో ఫ్రేమ్ చూశాం. ప్రోగ్రామ్ నెమ్మదిగా నడుస్తుంటే మేం మొదట చేసే పని ఇదే: ఎక్కడ టైమ్ పోతుందో కొలవడం. ఊహించి మార్చబోతే బాగున్న చోట చెడగొడతాం.

గోల్ఫ్‌లో దూరం భుజబలంలోంచి రాదు, వరుసలోంచి వస్తుంది. క్లబ్‌ను వెనక్కి తిప్పాక, కిందికొచ్చే కదలిక నేలనుంచి మొదలవ్వాలి. ముందు పాదం, తర్వాత నడుము, ఛాతీ, చేతులు, ఆఖర్న క్లబ్. ఒక్కొక్కటి తన వేగాన్ని పై దానికి అందించి తాను నెమ్మదిస్తుంది. మామ వీడియోలో ముందు కదిలింది భుజాలు. క్లబ్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. వయసుతోపాటు తుంటి, వెన్ను పైభాగం తిరగడం తగ్గుతుంది. అయినా ఎడమ మడమను నేలకు అదిమిపెట్టి తిరగాలని చూస్తున్నాడు, ఎవరో కుర్ర కోచ్ వీడియోలో అలా చెప్పాడట. మడమను కొంచెం లేవనిస్తే నడుము ఇంకొంచెం తిరుగుతుంది. జాక్ నిక్లాస్ తన స్వింగ్‌లో ఎడమ మడమ లేపేవాడు. 1986లో 46వ ఏట మాస్టర్స్ గెలిచాడు. ఇంకా చిన్న మార్పులున్నాయి: కుడి పాదం కొంచెం బయటికి తిప్పి నిలబడటం, బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెట్టి పైకి లేస్తున్న క్లబ్‌తో కొట్టడం, పట్టు వదులు చేయడం.

ఇంకోటి, బంతి క్లబ్ మధ్యలో తగలాలి. అత్తమ్మ పౌడర్ డబ్బా తెచ్చి క్లబ్ ముఖానికి పూస్తే మచ్చ ఎక్కడ పడుతుందో తెలిసింది. చాలాసార్లు మడమవైపే. లెక్క సులభం. క్లబ్ గంటకు 80 మైళ్ల వేగంతో వచ్చి పక్కకు తగిలితే, బంతి దానికి 1.35 రెట్ల వేగంతో, అంటే 108 మైళ్లతో పోతుందనుకుందాం. అదే క్లబ్ మధ్యకు దగ్గరగా తగిలితే 1.45 రెట్లు, 116 మైళ్లు. ఒంట్లో కొత్త బలం ఒక్క చుక్క కూడా రాలేదు. ఉన్నది వృథా కాలేదు, అంతే.

"చిర్రగోనె ఆడినోనికి ఇది చెప్పాల్నా?" అన్నాడు మామ. "మా బడిల అందరికన్న బలమైనోని చిర్ర ఎన్నడు దూరం పోలే. గాల్ల లేసినంక చూపు తిప్పనోనిది పొయ్యేది. అది మర్చిపోయిన."

మేడ మీద వల ముందు దూరం కనిపించదు. వినిపిస్తుంది. మధ్యలో తగిలితే ఒక పొడి టక్కుమనే చప్పుడు, పక్కకు తగిలితే మొద్దు చప్పుడు. ఆయన ఒక నోట్‌బుక్ పెట్టాడు. పది బంతుల్లో ఎన్ని టక్కులు. బాగా తగిలిన ఒక్క బంతిని రాసుకొని మురిసిపోయే అలవాటు లేదు, గనిలో షిఫ్టు లెక్కలు రాసిన మనిషి.

క్రీ.పూ. 44లో సిసెరో ముసలితనం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో 84 ఏండ్ల కేటో మాట్లాడుతుంటాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఎద్దు బలమో ఏనుగు బలమో కావాలనుకోలేదు, ఇప్పుడు కుర్రవాడి బలం లేదని బాధ ఎందుకు, ఉన్నదాన్ని బట్టి చేయాలంటాడు. అక్కడే మైలో అనే మల్లయోధుడిని వెక్కిరిస్తాడు. ముసలివాడయ్యాక మైలో కుర్రవాళ్ల కసరత్తు చూసి, తన చేతులు చచ్చిపోయాయని ఏడ్చాడట. నీ పేరంతా ఆ చేతులదే, నీది కాదు అన్నట్టు కేటో ఎద్దేవా. కేటోతో సగమే ఒప్పుకుంటాను. మైలో ఏడవడంలో తప్పేం లేదు. పోయినదాన్ని పోయిందని చూసినవాడే ఏడుస్తాడు. ఏడ్చాక ఏం చేశాడన్నది నాకు ముఖ్యం. చేతులు పోతే పాదాలేం చేయగలవో చూశాడా?

టెక్నిక్ నేర్చుకోవడాన్ని నేను వయసును ఒప్పుకోకపోవడం అనుకున్నాను. మామను చూశాక అది ఒప్పుకోవడంలోనే ఒక పద్ధతని తోచింది. తుంటి ఇంతే తిరుగుతుందని ఒప్పుకున్నవాడే మడమ లేపుతాడు. ఒప్పుకోనివాడు గట్టిగా కొట్టి నడుము పోగొట్టుకుంటాడు. ఇక నాలా ఇంకొకరి తరఫున ఒప్పుకునేవాడు స్కూటర్ అమ్మేస్తాడు.

దీనికి హద్దు లేదని కాదు. 2009లో టర్న్‌బెర్రీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో 59 ఏండ్ల టామ్ వాట్సన్ ఆఖరి హోల్ దాకా ముందున్నాడు. ఆ హోల్‌ను మామూలుగా పూర్తిచేస్తే చాలు, చరిత్ర. రెండో షాట్ బాగా కొట్టాడు. బంతి గ్రీన్ మీద పడి, ఆగకుండా దొర్లి వెనక్కి దాటిపోయింది. అక్కడో దెబ్బ పోయి, తర్వాతి ప్లేఆఫ్‌లో స్టువార్ట్ సింక్ గెలిచాడు. ఆ వయసు మనిషిని దెబ్బతీసింది దూరం చాలకపోవడం కాదు, ఎక్కువవడం. కొలత తెలియడం దూరంకన్నా పెద్ద విద్య, అదీ ప్రతిసారీ చేతికి రాదు.

నాకు 36. మా టీమ్‌లో అందరికన్నా పెద్దవాణ్ని. కొత్తగా వచ్చిన పిల్లలు నేను వారంలో చదివేది ఒక సాయంత్రంలో పట్టేస్తారు. ఈ ఏడాది నేనూ రెండు వారాలు గట్టిగా కొట్టాను: రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను, ఇంట్లోవాళ్ల మీద అరిచాను. నా సాక్సులు ఎవరు తొడుగుతున్నారో ఆలోచించే తీరికే లేకపోయింది.

వానలు తగ్గాక మామతో నేనూ హైదరాబాద్ పోయాను. బయల్దేరేముందు వాకిట్లో స్టూలు మీద కూర్చొని సాక్సులు ఆయనే తొడుక్కున్నాడు. అత్తమ్మ చూస్తూ నిలబడింది, సాయం చేయలేదు. నయా ఖిల్లాలో ముందు ప్రాక్టీసు చేసే చోట పది బంతులు కొట్టాడు. ప్రతిదాని దూరం నేను రాశాను. సగటు 192. ఎండాకాలంతో పోలిస్తే 12 గజాలు ఎక్కువ, పాత రోజులతో పోలిస్తే 18 తక్కువ. మా కరీంనగర్ ఇంటి గేటు నుంచి వెనక గోడ దాకా ఎంతుంటుందో ఆ 12 గజాలు అంత. నోట్‌బుక్ తీసుకొని అంకె చూసి, మూసి, జేబులో పెట్టుకున్నాడు.

మొదటి హోల్ దగ్గర ముగ్గురు దోస్తులూ ఎప్పటి టీ దగ్గరే నిలబడ్డారు. మామ వాళ్లను దాటుకుంటూ ముందు టీ దగ్గరికి నడిచి, వంగి, బంతి పెట్టాడు. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే తల తిప్పకుండానే అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది గదరా ఎంతున్నదో."