తడిసిన పక్క ఎవరు మార్చాలి?

వినయ పిటకంలోని మహావగ్గలో ఒక సంఘటన ఉంది. తథాగతుడు ఆనందుడితో కలిసి భిక్షువుల నివాసాలు చూస్తూ వెళుతుండగా, విరేచనాల రోగంతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉండటం కనిపించింది. నిన్ను చూసుకునేవారు లేరా అని అడిగితే లేరన్నాడు. ఎందుకు లేరంటే, తాను తోటి భిక్షువులకు ఏ పనికీ రానని, అందుకే ఎవరూ పట్టించుకోవడం లేదని చెప్పాడు.

బుద్ధుడు వెంటనే ధర్మోపదేశం మొదలుపెట్టలేదు. ఆనందుడి చేత నీళ్లు తెప్పించాడు. తాను నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. తాను తలవైపు, ఆనందుడు కాళ్లవైపు పట్టుకుని అతన్ని మంచం మీదికి చేర్చారు. ఆ తర్వాతే సంఘాన్ని పిలిచి మాట్లాడాడు.

ఈ కథ విహారాల్లో ఎన్నోసార్లు విన్నాను. కిందటి వేసవిలో మా పెదనాన్నను చూడటానికి ఒక వృద్ధాశ్రమానికి వెళ్లినప్పుడు దాని బరువు తెలిసింది.

ఆశ్రమం శుభ్రంగా ఉంది. తెల్లటి దుప్పట్లు, వేళకు భోజనం, బీపీ, షుగర్ రాసే రిజిస్టరు. పెదనాన్న పక్క మంచం మీద పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన పక్క తడిసింది. ఆయమ్మ దుప్పటి తీసుకుని వచ్చింది. "నువ్వు ముట్టుకోకు. ఇంకో ఆమెను పంపు" అన్నారాయన. ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ ఇంకో ఆమె వంటింటి మనిషి, పక్కలు మార్చదు. గంటకు పైగా ఆయన ఆ తడిలోనే పడుకున్నారు. మేనేజరును అడిగితే, "పెద్దవాళ్లు కదండీ, వాళ్ల అలవాట్లు మనం మార్చలేం" అన్నారు.

పెదనాన్న నా చెవిలో అన్నాడు: "ఆ పిల్ల మన మనిషేరా. దాని చేత అన్నం వడ్డించనివ్వరు. దొడ్లు కడగటానికీ, పక్కలు మార్చటానికే పెట్టుకున్నారు."

మేనేజరు మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వృద్ధాశ్రమానికి వచ్చిన మనిషి తన ఇల్లు, తన వేళలు, తన వంట అన్నీ వదులుకుని వస్తాడు. మిగిలిన కొద్దిపాటి ఇష్టాలనైనా గౌరవించాలి. ఒక ముసలమ్మ తనకు స్నానం ఆడమనిషే చేయించాలంటే అది న్యాయం. మరి ఈయన కోరిక ఎందుకు న్యాయం కాదు? ఆమె కాపాడుకునేది తన మానం. ఈయన కోరిక ఎదుటి మనిషి చేతినే మైల చేస్తుంది. ఒకరి ఆత్మగౌరవం నిలవడానికి ఇంకొకరి ఆత్మగౌరవం పోవాలంటే దాన్ని ఇష్టం అనలేం. అది అంటరానితనం. రాజ్యాంగం 17వ అధికరణ దాన్ని రద్దు చేసింది. ఆశ్రమం గడప లోపల కూడా ఆ అధికరణ చెల్లుతుంది.

అయితే తప్పంతా ఆ పెద్దాయనదేనా? ఆయన మంచం దిగలేని రోగి. పక్క తడిసిన మనిషికి ముందు పొడి దుప్పటి కావాలి, పాఠం తర్వాత. మేనేజరే వెళ్లి మార్చి ఉండొచ్చు. ఆ ఆలోచన ఆయనకు రాలేదు. ఎందుకంటే వడ్డించే చేతులు వేరు, కడిగే చేతులు వేరు అని ఆశ్రమమే ముందుగా విడదీసి పెట్టింది. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషులనే విడదీస్తుందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. ఆ విభజన వల్ల ఆ రోజు ఆయమ్మకు అవమానం జరిగింది, రోగికి బాధ మిగిలింది.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండాలంటుంది. మంచాలు లెక్కపెట్టడానికి చట్టం సరిపోతుంది. సేవను కొలవడానికి మహావగ్గలోని ఆ ఘట్టమే దారి చూపుతుంది. మంచి పరిచారకుడికి అక్కడ ఐదు గుణాలు చెప్పారు. మందు సిద్ధం చేయగలగాలి, రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, లాభం కోసం కాక మైత్రితో చేయాలి, మలమూత్రాలు ఎత్తడానికి అసహ్యపడకూడదు, అప్పుడప్పుడు ధమ్మపు మాటలతో మనసుకు ఊరట ఇవ్వాలి.

లాభం కోసం కాదన్న మాటను పట్టుకుని ఆయమ్మలకు జీతం తగ్గించేవారూ ఉన్నారు. సిగాలోవాద సుత్తం దానికి జవాబు. యజమాని శక్తికి తగ్గ పనే చెప్పాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, వేళకు సెలవు ఇవ్వాలి అంటుంది. రాత్రీ పగలూ నిలబడి నడుములు పడిపోయిన మనిషిని మైత్రి చూపించమనడం అన్యాయం.

ఉపాసకులారా, మీ పెద్దలను ఏ ఆశ్రమంలోనైనా చేర్చే ముందు గదులతో పాటు ఇంకో రెండు సంగతులు కనుక్కోండి. పక్కలు మార్చే మనిషి అదే చేత్తో అన్నం వడ్డిస్తుందా? ఆమెకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?

నేను బయలుదేరేటప్పుడు పెదనాన్న ఆ ఆయమ్మను కేకేసి మంచినీళ్లు అడిగాడు. కూజా ఆయన మంచం పక్కనే నిండుగా ఉంది.