జ్ఞాపకం నాది, బతుకు అక్కయ్యది

పోయిన వేసవిలో చిన్ననాటి ముచ్చట్లన్నీ ఒక నోటుబుక్కులో రాసి, మొదట మా అక్కయ్యకే చదవమని ఇచ్చాను. మెచ్చుకుంటుందని ఆశ. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "పెళ్ళికి ముందు నేను అలిగి మూడు రోజులు అన్నం మానేశానని రాశావు. ఎవరు చెప్పారే నీకు? నాకప్పుడు జ్వరం!" అంది. నాకు మాత్రం ఆ మూసిన తలుపు, బయట కంచం పట్టుకు నిలబడ్డ అమ్మ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉన్నారు.

"నాకలాగే జ్ఞాపకం అక్కయ్యా" అన్నాను.

"జ్ఞాపకం నీదే. బతుకు నాది కదటే?"

ఆ మాటతో నాకు రుమేనియా రచయిత మిర్చా ఎలియాడే గుర్తొచ్చాడు. ఆయన 1928లో సంస్కృతం, తత్వశాస్త్రం చదువుకోవడానికి కలకత్తా వచ్చాడు. 1930లో గురువు సురేంద్రనాథ్ దాస్‌గుప్తా ఇంట్లోనే ఉన్నాడు. గురువుగారమ్మాయి మైత్రేయికి అప్పుడు పదహారేళ్ళు. ఇద్దరికీ ఇష్టం కలిగింది. తండ్రికి తెలిసింది. అబ్బాయి ఇల్లు విడిచి పోవలసి వచ్చింది. ఇంతవరకు ఇద్దరూ ఒప్పుకున్న సంగతే.

1933లో రుమేనియన్ భాషలో "మైత్రేయి" నవల వచ్చింది. నాయకుడి పేరు అలెన్, వృత్తి ఇంజనీరు. అంటే తన పేరూ, తన చదువూ దాచుకున్నాడన్నమాట. అమ్మాయి పేరు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచేశాడు! పైగా ఆమె రాత్రిళ్ళు తన గదికి వచ్చేదని రాశాడు.

ఆ రోజుల్లో అక్కడి రచయితల్లో కొందరికి, బతికిందే రాయాలన్న పట్టుదల ఉండేది. కమిల్ పెట్రెస్కు 1930 నాటి తన నవలలో మొదటి ప్రపంచ యుద్ధంలో తాను చూసినదే వాడుకున్నాడు. (ఫిరంగులు లేచి "మేమలా పేలలేదు" అనవు గనుక ఆయనకు బాధ లేదు.) ఎలియాడే అయితే 1935లో తన భారతదేశపు డైరీనే అచ్చువేసి "పరోక్ష నవల" అన్నాడు.

మైత్రేయీదేవి పెళ్ళయి, పిల్లల తల్లయి, పేరున్న రచయిత్రి అయింది. ఆ నవలలో ఏముందో ఆవిడకు వివరంగా తెలిసింది 1972లో, ఒక రుమేనియా పండితుడు కలకత్తా వచ్చినప్పుడు. దాదాపు నలభై ఏళ్ళుగా, తను చూడని దేశంలో ఎవరెవరో తన పదహారేళ్ళ బతుకును చదువుకుంటున్నారు! తలచుకుంటే నాకే ఒళ్ళు జలదరిస్తుంది. 1973లో షికాగో వెళ్ళి ఎలియాడేను కలిసింది. మరుసటేడు బెంగాలీలో "న హన్యతే" రాసింది. 1976లో దానికి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. గదికి వెళ్ళడం అబద్ధమని తేల్చి చెప్పింది. ప్రేమను మాత్రం కాదనలేదు. అరవయ్యో ఏట, నిండు సంసారంలో కూర్చుని ఆ మాట రాయడానికి ఎంత గుండె కావాలో మనకు వేరే చెప్పాలా?

అయితే ఇంకో చిత్రం ఉంది. ఆవిడ తన పేరును అమృత అని మార్చుకుంది. అతని ఇంటిపేరు మార్చిందే గాని, మిర్చా అన్న పేరు అలాగే ఉంచింది! ఇద్దరూ తమ పేరు దాచుకుని ఎదుటివాళ్ళ పేరు బయటపెట్టారు. మరి వీటిలో ఎవరి కథ ఎవరు రాసినట్టు? 1994లో, ఇద్దరూ పోయాక, షికాగో విశ్వవిద్యాలయం వారు ఆ రెండు పుస్తకాలనూ ఇంగ్లీషులో జంటగా వేశారు.

నాకు ఎలియాడే మీద కోపమే. పేరు మారిస్తే కలం అరిగిపోతుందా? అనుకుంటూనే నా నోటుబుక్కు వంక చూశాను. అందులో అక్కయ్యది అసలు పేరే.

"పోనీ, పేరు మార్చి రాయనా అక్కయ్యా?" అన్నాను.

"ముందు నీ పేరు మార్చుకో, తరవాత చూద్దాం" అంది.

నోటుబుక్కు ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.