వేటకత్తెయు విచారణయు

అమెరికా రచయిత్రి లారెల్ కె. హామిల్టన్ 1993లో ప్రారంభించిన నవలామాలికకు నాయిక అనిటా బ్లేక్. నెత్తురు త్రాగు పిశాచములను సంహరించుట యామె వృత్తి. మన తెలుగునాటను 2009లో వెలువడిన ‘అరుంధతి’ చలనచిత్రమున గద్వాల సంస్థానపు టాడుపడుచు ప్రేతమును మట్టుపెట్టినది. లోకము అబల యన్న స్త్రీ ఆయుధము పట్టుట చూచి మేమును సంతసించితిమి.

కాని యా నవలలలో నొక విశేషము గలదు. అచ్చట పిశాచములకును చట్టరీత్యా హక్కులున్నవి. న్యాయస్థానపు టుత్తరువు లేక వానిని చంపుట హత్యయే యగును. కల్పిత పిశాచమునకే యింత విచారణ యుండగా, బాణామతి చేసినదను నెపమున మన పల్లెజనులు పండ్లూడగొట్టిన ముదుసలికి ఏ విచారణ జరిగినది? ఆమె దిక్కులేనిదగుటయు, పొరుగుబిడ్డకు జ్వరము వచ్చుటయు, ఇవియే సాక్ష్యములు.

కథలో పిశాచ మెవరో రచయిత్రి తేల్చి చెప్పును. కావున కత్తి తప్పు చేయదు. లోకమున నట్లు చెప్పువా రెవరు? భూతవైద్యుడందురా? అతడే వాది, అతడే సాక్షి, అతడే న్యాయాధిపతి. పైగా దక్షిణ పుచ్చుకొనువాడు.

వత్సవాయిలోనైనను మఱెచ్చటనైనను, తల్లులారా, బిడ్డలకు దయ్యపుకథలు చెప్పవలదని మేమనము. చెప్పుడు, చెప్పి, “ఆమె పిశాచమని యెవరు చూచిరి?” అని యడుగుటయు నేర్పుడు. ఆ యొక్క ప్రశ్న రచ్చబండకడ వేళకు వినబడినచో నొక ముదుసలి ప్రాణము నిలుచును.