మైత్రి నుండి ఉపేక్ష వరకు

భిలాయ్ ఉక్కు కర్మాగార నిర్మాణానికై భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నాడు మధ్యప్రదేశ్‌లోనూ, 2000 నుండి ఛత్తీస్‌గఢ్‌లోనూ భాగమైన ఈ ఉక్కునగరానికి ఉపాధి కోసం వచ్చి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఉభయ దేశాల స్నేహానికి చిహ్నంగా 1972లో కర్మాగారం ఒక ఉద్యానవనాన్ని, జంతుప్రదర్శనశాలను నెలకొల్పింది. దాని పేరు మైత్రీబాగ్. 1991లో సోవియట్ యూనియన్ అంతరించింది. ఉద్యానం నిలిచింది, అందులోని ఎన్‌క్లోజర్లూ నిలిచాయి.

పేరు పెట్టినవారి దృష్టిలో మైత్రి రెండు రాజ్యాలకు సంబంధించినది. ఆ పదం మాత్రం అంతకంటె ఎంతో ప్రాచీనం. బౌద్ధులు చెప్పిన నాలుగు బ్రహ్మవిహారాలలో మైత్రి మొదటిది. కరుణ, ముదితల తరువాత నాల్గవది ఉపేక్ష. పతంజలి యోగసూత్రాలలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. అక్కడ ఉపేక్ష అంటే రాగద్వేషాలు లేని సమచిత్తత. తెలుగు వాడుకలో అదే మాటకు నిర్లక్ష్యమనే అర్థం స్థిరపడింది. కార్యాలయాలలో ఫైళ్ల గతి ఎరిగినవారికి ఈ అర్థపరిణామాన్ని వివరించనక్కరలేదు.

అడవిలోని కోతికి ఒక చెట్టు నీడ కరవైతే మరొక చెట్టును ఆశ్రయిస్తుంది. ఎన్‌క్లోజరులోని కోతికి ఆ అవకాశం లేదు. తలుపుకు గడియ వేసిననాడే నీడ, నీరు, తోడు, ఏకాంతం అన్నింటినీ ఎంచుకునే స్వేచ్ఛ దాని నుండి మనిషికి బదిలీ అయింది. ఆ తరువాత మనిషి చేసేది దానమనిపించుకోదు. అది తీర్చవలసిన అప్పు; ప్రాణి బతికి ఉన్నంతకాలం తీరుతూనే ఉండవలసిన అప్పు.

ఎర్రమూతి కోతి, కొండముచ్చు వంటి జంతువుల విషయంలో ఈ అప్పు మరింత సూక్ష్మమైనది. వాటికి వేళ్లున్నాయి. వదులైన ప్రతి బోల్టునూ, తెగిన ప్రతి తీగనూ అవి కీపరు కంటె ముందే కనిపెడతాయి. మూత్రమూ, రోజూ కడిగే నీళ్లూ కలిసి ఇనుమును అడుగు నుండి తినివేస్తాయి. ఉక్కును తయారుచేసే ఊరిలోనైనా తుప్పుకు మినహాయింపు లేదు. ఎక్కే కొయ్యలు పుచ్చుతాయి, తాళ్లు అరుగుతాయి. కాంక్రీటు నేల కడగడానికి సులువే గాని మధ్యభారతపు మే నెలలో అది పెనంలా కాలుతుంది. మట్టి పరచి, గడ్డిలో గింజలు చల్లితే కోతులు పూటంతా వెతుక్కుంటూ కాలక్షేపం చేస్తాయి. శుభ్రం చేసేవారికి మాత్రం పని రెట్టింపవుతుంది. ఎవరి సౌకర్యాన్ని ముందు చూడాలన్న ప్రశ్న నీతిగ్రంథాలలో కాదు, ఈ నేల దగ్గరే తేలాలి.

పునరుద్ధరణ అనగానే చాలాచోట్ల మొదట గుర్తుకు వచ్చేది రంగు. అది సందర్శకునికి కనిపిస్తుంది. అయితే సీసం కలిసిన రంగును నాకి, కొరికి కోతులు విషప్రభావానికి గురైన సందర్భాలు జంతుప్రదర్శనశాలల చరిత్రలో ఉన్నాయి. పనులు సాగినన్నాళ్లు గుంపును విడదీసి వేర్వేరు గదులలో ఉంచితే, తిరిగి కలిపిన రోజున పెద్దరికం కోసం అవి రక్తం వచ్చేలా పోరాడవచ్చు. మేలు చేయబోయి కీడు చేయడానికి ఇంతకంటె దగ్గరి దారి లేదు.

కార్మికుల క్వార్టర్లలో పైకప్పులు కారుతుండగా కోతుల గూటికి ఖర్చెందుకని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను తోసిపుచ్చరాదు. క్వార్టరులోని మనిషి అర్జీ పెట్టగలడు, యూనియను ద్వారా అడగగలడు, చివరకు ఇల్లు మారగలడు. ఆ తేడాను లెక్కలోకి తీసుకున్న తరువాతనే కేటాయింపులపై వాదన న్యాయంగా సాగుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ చెక్కబడిన అశోకుని రెండవ శిలాశాసనం మనుషులకూ పశువులకూ చికిత్సను, బావులను, చెట్లను ఒకే జాబితాలో చేర్చింది. ఆ బావులలో పూడిక ఎవరు తీశారో శాసనం చెప్పదు.

నిర్వహణకు శాసనాలు అరుదు. గిర్నార్ వద్ద మౌర్యులు నిర్మించిన సుదర్శన తటాకం తుఫానుకు తెగినప్పుడు, అంత పెద్ద గండిని పూడ్చడం అసాధ్యమని మంత్రులు వెనుదీశారు. రుద్రదాముడు ప్రజలపై అదనపు పన్ను వేయకుండా తన కోశం నుండే ఖర్చుపెట్టి ఆ పని పూర్తి చేయించినట్లు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనం తెలుపుతుంది. అదైనా కట్ట తెగింది గనుక చెక్కించిన శాసనం. తెగకుండా కాపాడిన ఏళ్లకు ప్రశస్తి లేదు.

1992లో ఏర్పడిన కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ప్రమాణాలు విధించి, గుర్తింపును వాటితో ముడిపెట్టింది. ఇది మేలైన ఏర్పాటే. కాని తనిఖీ ఏడాదిలో కొద్ది రోజులది. 1963లో ప్రారంభమైన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సోమవారం సెలవు. ఇటువంటి సెలవురోజులలోనే గేటు మూసి ఉండగా వెల్డింగు పనివాడు, కీపరు లోపలికి వెళతారు. జాలీలో ఏ అతుకు విడిచిందో, ఏ కొయ్య పుచ్చిందో ఆనాడు చూసేది వారిద్దరే. వారు చూడకుండా వెళ్లిపోతే అది తెలిసేది పక్కగది చువ్వల వెనుక కూర్చున్న కోతులకే.