ధ్యానం మధ్యలో కుక్కర్ విజిల్

మొన్న ధ్యానం మీద పెట్టిన వీడియో చూసి ఓ తమ్ముడు అడిగాడు: "అక్కా, విపశ్యన బౌద్ధులది కదా. రోజూ విష్ణు సహస్రనామం వినిపించే ఇంట్లో పుట్టిన నేను చేస్తే తప్పా?"

సరిగ్గా ఇదే సందేహం సత్యనారాయణ గోయెంకా గారికీ ఉండేది. 1924లో బర్మాలోని మాండలేలో, ఆచారాలు గట్టిగా పాటించే హిందూ కుటుంబంలో పుట్టారాయన. వ్యాపారం బాగానే సాగింది గానీ మైగ్రేన్ వదల్లేదు. విదేశాల్లో డాక్టర్లకి చూపించుకున్నా లాభం లేకపోయింది. 1955లో రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లారు. ఈ గురువు సన్యాసి కాదు, ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన గృహస్థు. తలనొప్పి తగ్గడం కోసం నేర్చుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు! మనసు శుభ్రం కావడానికైతే రమ్మన్నారు.

ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే నేను మొదలుపెట్టింది అచ్చం అలాంటి కారణంతోనే. రాత్రి నిద్ర పట్టాలి, ఆఫీసు కంగారు తగ్గాలి. పొద్దున్నే యాప్ పెట్టుకుని 20 నిమిషాలు శ్వాస గమనించేదాన్ని. నిద్ర పట్టింది, అబద్ధం చెప్పను. ఒకరోజు మధ్యలో కుక్కర్ విజిల్ వేసింది. కళ్లు కూడా తెరవకుండా, "అమ్మా, కాసేపు ప్రశాంతంగా ఉండనివ్వవా!" అని అరిచాను. ఆ పప్పు నా లంచ్ బాక్సు కోసమే. అమ్మ ఏమీ అనకుండా స్టవ్ కట్టేసింది. మిగతా టైమంతా నేను భలే ఏకాగ్రతతో కూర్చున్నాను. ఇప్పటికీ సిగ్గేసేది ఆ ఏకాగ్రత గుర్తొచ్చినప్పుడే.

శిబిరానికి నేనింకా వెళ్లలేదు. కానీ మన హైదరాబాద్‌లో సాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలోనైనా, ఇంకెక్కడైనా, ఆ 10 రోజులూ ముందు పంచశీలతోనే మొదలవుతాయి. హింస, దొంగతనం, అబద్ధం, మత్తు వద్దు, బ్రహ్మచర్యం పాటించాలి. ఆ తర్వాతే ఆనాపాన, అంటే ముక్కు దగ్గర వచ్చీపోయే శ్వాసని ఉన్నదున్నట్టు చూడటం. నాలుగో రోజు విపశ్యన: ఒంట్లో పుట్టే ప్రతి నొప్పినీ, దురదనీ, హాయినీ ఇష్టపడకుండా, విసుక్కోకుండా గమనించడం. పదో రోజు అందరి మేలూ కోరే మైత్రీ భావన. నేనేమో ముందుదీ చివరిదీ వదిలేసి, నాకు పనికొచ్చే ముక్క ఒక్కటి తెచ్చుకున్నాను. పతంజలి యోగసూత్రాల్లోనూ ఆసనం కన్నా ముందు యమ నియమాలే ఉన్నాయి. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం అక్కడా ఉన్నాయి. మన దారిలో వెళ్లినా నేను తప్పించుకునేదాన్ని కాదు.

తమ్ముడూ, ఒకటి మాత్రం ముందే తెలుసుకో. ఆ 10 రోజులూ జపం, పూజ ఆపమంటారు, పద్ధతిని వేరే దేనితోనూ కలపకుండా చూడమని. అందుకు మనసొప్పకపోతే వెళ్లకు, ఎవరూ తప్పుపట్టరు. ఒప్పితే నిశ్చింతగా వెళ్లు. ఇంట్లో సహస్రనామం ఎక్కడికీ పోదు.

నేను ఇప్పటికీ పొద్దున్నే కూర్చుంటున్నాను. విజిల్ వస్తే అదీ వింటున్నాను. అమ్మకి కూడా చెప్పాను, నీ పని నువ్వు చేసుకోమని. అయినా నిన్న తలుపు దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది: "అయిందా తల్లీ? మిక్సీ వేసుకోనా?"