ట్రిమ్ చేస్తే సరిపోతుందా?

ఇంట్లో చేసుకున్న రేడియో కంట్రోల్ విమానం మొదటిసారే తిన్నగా ఎగరడం అరుదు. గాల్లోకి లేవగానే ఎడమకో కుడికో ఒరుగుతుంది. దాన్ని సర్దడానికి ట్రాన్స్‌మిటర్ మీద ట్రిమ్ అని ఒక చిన్న మీట ఉంటుంది. నాలుగైదుసార్లు నొక్కితే విమానం బుద్ధిగా దారిన పడుతుంది. మరి లోపం పోయినట్టా, కనబడకుండా పోయినట్టా?

ఒక రెక్క కొంచెం మెలితిరిగి ఉందనుకుందాం. ట్రిమ్ నొక్కితే ఎయిలరాన్లు పక్కకు జరిగి ఆ మెలికకు ఎదురు తూగుతాయి. మామూలు వేగంలో అంతా బాగానే ఉంటుంది. దిగేటప్పుడు వేగం తగ్గుతుంది, ముక్కు పైకి లేస్తుంది. రెండు రెక్కలూ ఒకేలా లేవు కాబట్టి రెండూ ఒకేసారి స్టాల్ అవవు. ఏదో ఒకటి ముందు చేతులెత్తేస్తుంది, విమానం అటు పడిపోతుంది. అప్పటికి నేల రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే ట్రిమ్ లోపాన్ని తీసేయలేదు, మనం తేరుకోవడానికి వీల్లేని చోటికి వాయిదా వేసింది.

మా ఉద్యోగాల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: ‘పనిచేస్తోందిగా, ముట్టుకోకు.’ ఎందుకు పనిచేస్తోందో తెలిసి అన్నప్పుడు అది వివేకం. తెలియకుండా అన్నప్పుడు అది భయం. బయటికి రెండూ ఒక్కలాగే వినబడతాయి, చిక్కంతా అక్కడే.

అలాగని పైనుంచి చేసే ప్రతి సర్దుబాటూ మోసం కాదు. 1871లో పారిస్‌లో అల్ఫోన్స్ పెనో ఎగరేసిన రబ్బరు బ్యాండు బొమ్మ విమానానికి నిలకడ దాని నిర్మాణంలోనే ఉంది, తోక కోణమే దాన్ని నిలబెట్టింది. 1903 నాటి రైట్ సోదరుల విమానానికి ఆ నిలకడ లేదు, పైలట్ క్షణక్షణం సర్దుకోవాల్సిందే. 2001లో మొదటిసారి ఎగిరిన మన తేజస్‌నైతే కావాలనే అస్థిరంగా డిజైన్ చేశారు. దాన్ని నిలబెట్టేది కంప్యూటర్లు. అందులో దాపరికమేమీ లేదు. ఎంత అస్థిరమో లెక్కగట్టి, ఆ బరువు ఎవరు మోయాలో ముందే రాసిపెట్టుకున్నారు.

మన బొమ్మల్లోకి కూడా ఇప్పుడు జైరోలు వచ్చాయి. రంగు ఎక్కువై తోక బరువెక్కిందనుకోండి. గరిమనాభి నుంచి ముక్కుకున్న దూరానికి తోక మూడింతల దూరంలో ఉంటే, అక్కడ పూసిన 10 గ్రాముల రంగుకి ముక్కులో 30 గ్రాముల సీసం పెట్టాలి. అది పెట్టకుండా జైరో ఆన్ చేసినా చాలాసార్లు ఎగిరిపోతుంది. తేజస్‌లోనూ ఇక్కడా జరిగేది దాదాపు ఒకటే పని. తేడా అల్లా, ఇక్కడ లోపం ఎంతో ఎవరికీ తెలియదు, చేసినవాడితో సహా.

రంగు సంగతి ఇంకో రకం. పూత అంటే కప్పిపుచ్చడమే అనుకుంటాం. కానీ రెక్కల పైభాగానికి ఒక రంగు, కింది భాగానికి ఇంకో రంగు వేసేది దూరాన ఉన్న విమానం తిరగబడిందో లేదో తెలియడానికే. ఇక్కడ పూత నిజం చెబుతోంది. సరిచేస్తుందనుకున్న ట్రిమ్ దాస్తోంది.

నా విమానం, నా ఇష్టం, కూలితే నాకే కదా నష్టం అనొచ్చు. ఒంటరిగా ఎగరేసుకున్నంతసేపు ఆ వాదన నిలుస్తుంది. మైదానంలో ఏ పదేళ్ల పిల్లాడో వచ్చి ‘ఒక్కసారి ఇవ్వవా అన్నా’ అని చెయ్యి చాపగానే కూలిపోతుంది. వాడికి ఇస్తున్నది విమానాన్ని మాత్రమే కాదు, దాంట్లో మనం సర్దేసి మర్చిపోయిన వాటిని కూడా. అది పడితే వాడు తన చేతినే తప్పుపట్టుకుంటాడు. ట్రిమ్‌లో నాకు కనబడే అసలు అన్యాయం ఇదే. మన లోపం ఇంకొకరి చేతకానితనంగా లెక్కలోకెక్కడం.

అందుకని ట్రిమ్ మానేయక్కర్లేదు. దాన్ని మందులా కాక థర్మామీటర్‌లా చూస్తే చాలు. దిగాక ఎన్ని క్లిక్కులు పడ్డాయో లెక్కపెట్టాలి. ఒకటి రెండైతే వదిలేయొచ్చు. పది పడితే రెక్క విప్పాలి. ఫిల్మ్ అంటించిన రెక్కైతే ఇస్త్రీపెట్టెతో వేడిచేసి, ఎదురు దిక్కుకి మెలిపెట్టి, చల్లారేదాకా పట్టుకోవాలి. ట్రిమ్‌ని మళ్లీ సున్నాకి తెచ్చాకే ఆ పిల్లాణ్ణి పిలవాలి.